అమ్మమ్మ నాలుగో పరీక్ష, తాతయ్య మార్కులు

అమ్మమ్మకు అసూయ అంటే ఏమిటో తెలియదని ఇంట్లో అందరూ అనుకునేవారు. పక్కింటివాళ్ళు పెద్ద ఫ్రిజ్ కొంటే "మంచిదే, మన నీళ్ళ సీసాలు కూడా రెండు పెట్టుకోవచ్చు" అనే మనిషి. తోడికోడలు మేడ కట్టుకుంటే వెళ్ళి మెట్లు లెక్కపెట్టి, "నీ మోకాళ్ళు జాగ్రత్త తల్లీ" అని మనస్ఫూర్తిగా దీవించి వచ్చిన మనిషి. అలాంటి అమ్మమ్మకు యాభై రెండో ఏట కడుపులో మంట పుట్టింది. అదైనా పరాయివాళ్ళ మీదా? కాదు. ముప్పై మూడేళ్ళు ఒకే కప్పు కింద కాపురం చేసిన తాతయ్య మీద.

అమ్మమ్మ నర్సు. కాగితాల ప్రకారం మాత్రం కాదు. వయసులో ఉన్నప్పుడు రెండున్నరేళ్ళు నర్సింగు చదివింది, సర్టిఫికెట్టు తెచ్చుకుంది, లైసెన్సు పరీక్ష మాత్రం రాయలేదు. ఇరవై మంచాల చిన్న ఆసుపత్రిలో చేరింది. అక్కడి ముసలి డాక్టరుగారు లైసెన్సు అడగలేదు. ఒక చంటిపిల్ల చేతికి సెలైన్ పెట్టమన్నారు. అమ్మమ్మ మొదటిసారే నరం పట్టింది. "రేపట్నుంచి రా" అన్నారు. ఆ రేపు ఇరవై ఏడేళ్ళు సాగింది.

ఒక్కటే లోటు. ఏ ఇంజక్షను వేసినా రిజిస్టరులో రాయాలి: మందు పేరు, సమయం, వేసినవారి సంతకం. వేసేది అమ్మమ్మ, సంతకం లైసెన్సు ఉన్న ఎవరో ఒక సిస్టరుది. ఆ సిస్టర్లు వస్తూ ఉండేవారు, పెళ్ళిళ్ళయి పోతూ ఉండేవారు. వాళ్ళలో సగంమందికి సూది పట్టుకోవడం నేర్పింది అమ్మమ్మే. నేర్చుకున్నవాళ్ళు గొలుసుకట్టు అక్షరాలతో దర్జాగా సంతకాలు పెట్టేవారు. అమ్మమ్మ పక్కన నిలబడి దూది పారేసేది. ఇరవై ఏడేళ్ళలో ఆమె వేసిన సూదులు ఎన్ని వేలో, ఒక్కదాని పక్కనా ఆమె పేరు లేదు.

డాక్టరుగారు పెద్దవారై తప్పుకున్నారు. ఆసుపత్రిని ఒక పెద్ద సంస్థ తీసుకుంది. లిఫ్టు వచ్చింది, నున్నటి నేల వచ్చింది, దాని మీద జారిపడి చేరిన ఇద్దరు రోగులు వచ్చారు. వాటితోపాటు ఒక రూలు కూడా వచ్చింది. లైసెన్సు ఉన్నవాళ్ళే రోగిని ముట్టుకోవాలి. లేనివాళ్ళు పరీక్ష రాయాలి. నాలుగు అవకాశాలు. నాలుగూ తప్పితే బట్టల గది. బట్టల గది అంటే కింది అంతస్తులో దుప్పట్లు, దిండు గలీబులు మడత పెట్టి అరల్లో పేర్చే చోటు. అక్కడ రోగి ఉండడు, రోగి దుప్పటే ఉంటుంది.

అమ్మమ్మ మూడుసార్లు రాసింది. రెండు వందలకు నూట ఇరవై రావాలి. మొదటిసారి నూట తొమ్మిది, రెండోసారి నూట పదమూడు, మూడోసారి నూట పదహారు.

"పెరుగుతూనే ఉన్నావు కదే. ఈ లెక్కన ఈసారి గట్టెక్కేస్తావు" అన్నాడు తాతయ్య.

"నేనేమైనా నిక్కరు వేసుకునే పిల్లాణ్ణా, ఏటేటా పెరగడానికి?" అంది అమ్మమ్మ.

తాతయ్య టైలరు. వీధి వైపు గదిలోనే మిషను. వాకిలి తెరిచే ఉంటుంది, ఎవరైనా చెప్పులు విడవకుండా గుమ్మం దగ్గరే నిలబడి కొలతలిచ్చి పోవచ్చు. వీధిలో అందరికీ ఆయన 'మాస్టారు'. చదివింది ఆరో తరగతి, అదీ సగం. నోట్లో ఎప్పుడూ నాలుగు గుండుసూదులు ఉంటాయి కాబట్టి తక్కువ మాట్లాడతాడు. తక్కువ మాట్లాడతాడు కాబట్టి తెలివైనవాడని పేరు. ఈ రెండో సంగతి అమ్మమ్మ చెప్పినది.

నాలుగో పరీక్షకు మూడు నెలలుండగా వాళ్ళ కూతురు ఒక ఉపాయం చేసింది. పాత ప్రశ్నలన్నీ అచ్చు వేయించి, అట్టముక్కల మీద అంటించింది. ముందు ప్రశ్న, వెనక జవాబు. మొత్తం ఆరు వందల ముక్కలు. "అమ్మా, నువ్వు పుస్తకం తీస్తే పావుగంటలో గురక పెడతావు. నాన్న అడుగుతాడు, నువ్వు చెప్పు. అంతే" అని తండ్రి చేతిలో పెట్టి పోయింది. తర్వాత జరిగినదానికి అసలు దోషి ఆవిడే. ఇప్పటికీ ఒప్పుకోదు.

మొదటి వారం బాగానే గడిచింది. పగటి డ్యూటీ దిగి వచ్చి అమ్మమ్మ కూర తరుగుతూ ఉంటే, తాతయ్య గుండీలు కుడుతూ అడిగేవాడు.

"హైపో అంటే ఏంటే?"

"తక్కువ."

"హైపరో?"

"ఎక్కువ. ప్రశ్న అడగండీ, పాఠం చెప్పించుకోకండి."

"అడుగుతున్నాగా. సెలైన్ ఎక్కుతున్న రోగి 'చెయ్యి నొప్పిగా ఉంది సిస్టర్' అన్నాడు. ముందుగా ఏం చేస్తారు? ఒకటి, చుక్కల వేగం తగ్గిస్తారు. రెండు, సూది తీసి వేరే చేతికి పెడతారు. మూడు, సూది పెట్టిన చోటు పరిశీలిస్తారు. నాలుగు, డాక్టరును పిలుస్తారు."

"తీసి వేరే చేతికి పెడతా. ఇందులో ఆలోచించేదేముంది?"

తాతయ్య అట్టముక్క తిప్పాడు. గుండుసూదులు నోట్లోంచి తీసి జాగ్రత్తగా సూదుల దిండుకు గుచ్చాడు. "మూడు. పరిశీలించాలట."

"పరిశీలించకుండా తీస్తానా? కళ్ళు మూసుకుని తీస్తానా? అది ప్రత్యేకంగా చెప్పాలా?"

"నాతో ఎందుకే పోట్లాట? అట్టలో ఉంది, చదివా."

ఇంకో రోజు చక్కెర జబ్బు రోగికి ఒళ్ళంతా చెమటలు, వణుకు. స్పృహలోనే ఉన్నాడు. అమ్మమ్మ నోట్లో చక్కెర నీళ్ళు పోస్తానంది. అట్ట మాత్రం మూడో జవాబు, ముందు మీటరుతో రక్తంలో చక్కెర చూడమంది. పాత ఆసుపత్రిలో మీటరు ఒక్కటే, అదీ డాక్టరుగారి బీరువాలో, తాళం ఆయన జేబులో, ఆయన స్నానాల గదిలో. మీటరు వచ్చేలోపు మనిషి చేజారిపోతాడని అమ్మమ్మ పోపు గరిటెతో గాలిలో చూపిస్తూ వాదించింది. తాతయ్య అంతా విని, "నిజమేననుకో, కానీ మూడే" అన్నాడు.

రెండో నెలకొచ్చేసరికి ఒక చిత్రం జరిగింది. తాతయ్య అట్ట తిప్పడం మానేశాడు. ప్రశ్న చదవడం, ఆమె జవాబు వినడం, తిప్పకుండానే "ఊహూఁ" అనడం. అమ్మమ్మ లాక్కుని చూస్తే ఆయనదే సరి.

మొదట నవ్వింది. తర్వాత నవ్వు కాస్త తగ్గింది. ఆ తర్వాత టీలో చక్కెర తగ్గింది. "ఏంటే ఇంత చప్పగా ఉంది?" అంటే, "మీ అట్టల్లోనే ఉందిగా, ఈ వయసులో తగ్గించాలని" అంది.

మేడ మీద అద్దెకుండే ఆవిడ ఒక సాయంత్రం కిటికీ తెర అంచు కుట్టించుకోవడానికి దిగింది. మాటల్లో కాళ్ళు వాస్తున్నాయంది. అమ్మమ్మ లోపల చొక్కా మడతపెడుతూ, ఇంకా వాక్యం కూర్చుకుంటూనే ఉంది. ఈలోపు తాతయ్య గుండుసూదుల సందులోంచి అడిగేశాడు.

"ఒక కాలా, రెండు కాళ్ళా?"

"రెండూ మాస్టారూ."

"పొద్దున్నే ఉంటుందా, సాయంత్రానికా?"

"సాయంత్రానికే."

"వేలితో నొక్కితే గుంట పడుతుందా? మెట్లెక్కితే ఆయాసం వస్తుందా?"

ఆవిడ కళ్ళు చక్రాల్లా విచ్చుకున్నాయి. "ఎంత వివరంగా అడిగారు మాస్టారూ! ఆసుపత్రిలో నన్నెవరూ ఇన్ని అడగలేదు."

"నాకేం తెలుసమ్మా. వెళ్ళి చూపించుకో, ఇవన్నీ అక్కడ చెప్పు" అన్నాడు తాతయ్య, తెర మీంచి చూపు ఎత్తకుండా.

ఆ ఆసుపత్రిలో పనిచేసే మనిషి తలుపు వెనకే నిలబడి ఉంది. చేతిలో చొక్కా కాలరు నలిగిపోయింది. ఇరవై ఏడేళ్ళు వాచిన కాళ్ళ మధ్యే బతికిన మనిషి. ఏ కాలు గుండెకు చెందిందో, ఏది మూత్రపిండానికి చెందిందో నడక చూసి చెప్పగలదు. ఆ ఇంట్లో ఉన్న నర్సును ఆవిడ కన్నెత్తి చూడలేదు, టైలరు చేతులకు దణ్ణం పెట్టి వెళ్ళింది!

"ఆవిడకి రక్తం తక్కువ. కింది కనురెప్ప చూస్తే తెలీడం లేదూ? అన్ని ప్రశ్నలెందుకు?" అంది అమ్మమ్మ.

"మరి నువ్వొచ్చి చెప్పకపోయావా?"

"మీరు చోటిస్తేగా!"

ఆ తెర కుట్టింది మొదలు గుమ్మం దగ్గర రద్దీ పెరిగింది. మోకాలి నొప్పి ఉన్నవాళ్ళకు చొక్కాల గుండీలు తెగసాగాయి. తలనొప్పి ఉన్నవాళ్ళకు పంట్లాములు వదులవసాగాయి. తాతయ్య ఎవరికీ మందు చెప్పడు, ఆ విషయంలో బుద్ధిమంతుడే. ఎప్పట్నుంచి, ఎక్కడ, ఎంతసేపు అని మూడు ప్రశ్నలు అడిగి "వెళ్ళి చూపించుకో" అంటాడు. వాళ్ళు అమృతం తాగినట్టు వెళ్ళిపోతారు. ఒకావిడైతే అమ్మమ్మను చూసి, "మీరు అదృష్టవంతులండీ, ఇంట్లోనే ఇంత తెలిసినాయన" అంది. అమ్మమ్మ చిరునవ్వు నవ్వింది. ఆ చిరునవ్వుకు పాలు విరిగేవి.

అసలు దెబ్బ బస్సు డ్రైవరు రూపంలో వచ్చింది.

బడి బస్సు నడిపే ఆ డ్రైవరు పంట్లాము కుట్టించుకోవడానికి వచ్చాడు. తాతయ్యకు రెండు కాళ్ళూ విడివిడిగా కొలిచే పిచ్చి ఉంది. మిగతా టైలర్లు నవ్వుతారు. మోకాలి కింద కొలిస్తే ఎడమ పిక్క కుడిదానికంటే ఒకటిన్నర అంగుళం ఎక్కువ వచ్చింది. మళ్ళీ కొలిచాడు. అంతే వచ్చింది. చెయ్యి పెడితే వేడిగా ఉంది.

"ఇది ఎప్పట్నుంచి బాబూ?"

"మూడు రోజులైంది మాస్టారూ. కండ పట్టేసిందేమో. ఇంట్లో ఆవిడ నూనె పెట్టి మర్దన చేస్తానంటోంది."

"చేయించకు!" తాతయ్య నోట్లోంచి గుండుసూదులు రాలాయి. "ఒక్కసారి కూడా చేయించకు. బట్ట ఇక్కడ ఉంచి, ఇటునుంచి ఇటే ఆసుపత్రికి వెళ్ళు. నడవకు, ఆటో ఎక్కు."

పిక్కలోని నరంలో రక్తం గడ్డ కట్టింది. మర్దన చేస్తే ఊపిరితిత్తులకు పోయి ఉండేది. ఇదంతా అమ్మమ్మకు మర్నాడు పొద్దున్న వార్డులో తెలిసింది. పాత ఉద్యోగులకు పరీక్ష తేలేదాకా పక్కలు సర్దే పని ఇచ్చారు. ఆమె దుప్పటి అంచు దోపుతూ ఉండగా కుర్ర డాక్టరు రౌండుకు వచ్చాడు. డ్రైవరు కాలు చూసి, "సమయానికి వచ్చావయ్యా. ఎవరు పంపారు?" అన్నాడు.

"టైలరు మాస్టారండీ. టేపుతో కొలిచి చెప్పారు. ఇదుగో, ఈ సిస్టరమ్మ భర్తే."

డాక్టరు కళ్ళద్దాలు తీసి అమ్మమ్మను చూశాడు. పక్కన ముగ్గురు కుర్ర సిస్టర్లు. ముగ్గురికీ లైసెన్సులున్నాయి.

"భలే! అయితే ఆ లైసెన్సేదో ఆయనకే ఇప్పిద్దామా సిస్టర్?" అన్నాడు.

మంచి మనసుతోనే అన్నాడు. అందరూ నవ్వారు. అమ్మమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే దుప్పటిని ఎంత గట్టిగా దోపిందంటే, డ్రైవరు కాలి వేళ్ళు కదపలేక "అమ్మా" అన్నాడు.

ఇంటికి వచ్చి చెప్పులు విడవకుండానే ఆరు వందల అట్టలనూ సంచిలో వేసుకుంది.

"ఇవాళ ప్రశ్నలు లేవా?" అన్నాడు తాతయ్య.

"ఉన్నాయి. నాకు నేనే అడుక్కుంటా."

"ఆ డ్రైవరు కాలు ఎలా ఉందే?"

"మీ చలవ వల్ల బ్రహ్మాండంగా ఉంది. వార్డులో మీకు దండ వేస్తారట, వెళ్ళండి!"

తాతయ్యకు ఏమీ అర్థం కాలేదు. ఆయన నిజంగానే కాలి సంగతే అడిగాడు.

అప్పట్నుంచి అమ్మమ్మ స్నానాల గదిలో గడియ పెట్టుకుని, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని చదివింది. ఒక చేత్తో ప్రశ్న పట్టుకుని, కళ్ళు మూసి జవాబు చెప్పి, అట్ట తిప్పి తనను తాను తిట్టుకునేది. బయట తాతయ్య భుజాన తువ్వాలు వేసుకుని నిలబడేవాడు. "స్నానం చేయాలే" అంటే, "పక్క వీధిలో మీ పేషెంట్లు ఎవరింట్లోనైనా చేయండి" అని జవాబు వచ్చేది.

పరీక్షకు పన్నెండు రోజులుండగా కూతురు ఫోనులో నమూనా పరీక్ష పెట్టింది. వంద ప్రశ్నలు. అమ్మమ్మకు యాభై ఎనిమిది వచ్చాయి. అరవై రావాలి. ఆ రోజు అన్నం సగంలో లేచి, తాతయ్య చొక్కా ముక్కల అరలో సుద్ద కోసం వెతికింది. సుద్దతో ఏం పని అంటే, మంచం పక్క గోడ మీద తప్పిన ప్రశ్నలు రాసుకుందామని. అక్కడ, కాలరు నమూనా కాగితాల కింద, ఒక గోధుమరంగు కాగితం కనిపించింది. ఒకటి నుంచి వంద దాకా అంకెలు, పక్కన జవాబులు, టిక్కులు, తప్పు గుర్తులు. కింద నీలం సుద్దతో డెబ్బై ఒకటి.

అమ్మమ్మ ఆ కాగితం పట్టుకుని ముందు గదిలోకి వచ్చింది. అదృష్టం కొద్దీ కస్టమర్లు లేరు.

"ఇదేంటి?"

తాతయ్య మిషను తొక్కడం ఆపాడు. మిషను చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది. "అదా... ఊరికే. అమ్మాయి ఫోనిక్కడే మర్చిపోతే..."

"డెబ్బై ఒకటి!"

"ఏదో తగిలింది. గుడ్డిగా పెట్టా."

"నన్ను ఓదార్చకండి! గుడ్డిగా పెడితే డెబ్బై ఒకటా? ఒకరికి సూది వేయగా కూడా చూడలేదు, రక్తం చూస్తే కుర్చీ వెతుక్కుంటారు, మీకు డెబ్బై ఒకటి! రాత్రీ పగలూ మనుషుల మలమూత్రాలెత్తి, నరాలు పట్టి, చావులు చూసి, నాకు యాభై ఎనిమిది!" కాగితాన్ని మిషను మీద కొట్టింది. "నేను ఆ కిందిగదిలో దుప్పట్లు మడతపెడుతుంటే మీరు గుమ్మంలో కూర్చుని వీధికి వైద్యం చేయండి. ఎలాగూ దుప్పట్లు లెక్కపెట్టడం వచ్చు కాబట్టి నాకు అదే సరైన చోటు."

తాతయ్య మెడలోని టేపు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత, "ఒక మాట చెప్పనా? చెప్తే కొట్టవుగా?" అన్నాడు.

"మీ వెంట పడి కొట్టే ఓపిక కూడా లేదు. చెప్పండి."

"మనిషి గుమ్మంలోకి రాగానే నాకు ఛాతీ కొలత తెలిసిపోతుంది. అవునా?"

"అవును. దాన్నీ గొప్పగా చెప్పుకుంటారు."

"మరి టేపు ఎందుకు వేస్తా?"

అమ్మమ్మ ఆలోచించింది. ముప్పై మూడేళ్ళలో ఎప్పుడూ అడగని ప్రశ్న. "ఎందుకు?"

"వాడి కోసం. నాకు తెలుసని వాడికి తెలియదుగా. టేపు వేయకుండా కత్తెర పట్టుకుంటే బట్ట లాక్కుని పారిపోతాడు. నువ్వు వార్డులో అడుగుపెట్టేలోపే అన్నీ చూసేస్తావే. చెయ్యి వాచిందా, కన్ను పాలిపోయిందా, మాట తడబడిందా. నీకది పనే కాదు, ఊపిరి పీల్చడంలాంటిది. అందుకే అడిగితే చూసిన తర్వాత చేసేది చెప్తావు. పేపరు పెట్టేవాడు నీ కళ్ళు చూడలేదుగా. నాకు చూడటం రాదు కాబట్టి ముందు చూద్దాం అంటా, అది సరైపోతోంది. నా డెబ్బై ఒకటి నా చేతకానితనం."

అమ్మమ్మకు ఆ మాట సూటిగా తగిలింది. మూడుసార్లు ఎందుకు తప్పిందో మూడేళ్ళలో ఒక్కరూ ఇంత తిన్నగా చెప్పలేదు. సరైన మాట అని అర్థమైనందుకే ఇంకా ఎక్కువ మండింది. ఈ ముక్క కూడా ఆయనకే తట్టాలా?

"బాగానే ఉంది" అంది చివరికి, పన్ను పీకించుకుంటున్నట్టు. లోపలికి వెళ్ళి టీ పెట్టుకుంది. ఒక్క కప్పే. కాసేపటికి సంచి తెచ్చి అట్టలన్నీ మిషను మీద గుమ్మరించింది. "అడగండి. ఒక్క మాట, నా జవాబుకి ముందు 'ఊహూఁ' అన్నారంటే మిషను వీధిలో ఉంటుంది."

ఆ పన్నెండు రోజులూ ప్రతి ప్రశ్నకూ అమ్మమ్మ ముందు తన కళ్ళను బయటపెట్టడం నేర్చుకుంది. మూత్రం సంచిలో రెండు గంటలుగా చుక్క లేదు, ముందుగా ఏం చేస్తారు? "డాక్టరుకి చెప్..." అని ఆగి, నాలుక కొరుక్కుని, "గొట్టం మెలిపడిందేమో చూస్తా" అనేది. తాతయ్య అట్ట పక్కన పెట్టేవాడు. ఆయన ముఖంలో మెచ్చుకోలు కనిపించకుండా కిందికి చూసేవాడు, అది కనిపిస్తే ఏమవుతుందో తెలుసు కాబట్టి.

పరీక్ష గదిలో వరసగా కంప్యూటర్లు. అమ్మమ్మకు అటూ ఇటూ కూతురి కంటే చిన్నవాళ్ళు. ఒక పిల్ల "ఆంటీ, తోడుగా వచ్చారా?" అంది. "తోడు బయట ఉన్నాడు" అంది అమ్మమ్మ, కిటికీలోంచి చూపిస్తూ. తాతయ్య చెట్టు లేని చోట వెతికి మరీ ఎండలో నిలబడి ఉన్నాడు.

ప్రశ్నలు ఒక్కొక్కటే వచ్చాయి. చూస్తాను, కొలుస్తాను, అడుగుతాను, పరిశీలిస్తాను. మౌసు పట్టుకున్న చెయ్యి ప్రతిసారీ సూది తీసే జవాబు వైపు జారేది, వెనక్కి లాక్కునేది. ప్రతి సరైన జవాబుకూ తాతయ్య ముఖం గుర్తొచ్చి ఒళ్ళు మండేది. ఇది ఆయనకూ వచ్చు, ఇదీ వచ్చు, ఇది నాకంటే ముందే చెప్పేవాడు.

నూట నలభై ఎన్నో ప్రశ్న. ప్రమాదంలో తొడ తెగిన మనిషి. రక్తం చిమ్ముతోంది. ముందుగా ఏం చేస్తారు? ఒకటి, రక్తపోటు కొలుస్తారు. రెండు, గాయాన్ని పరిశీలించి రాస్తారు. మూడు, గుడ్డతో గాయం మీద గట్టిగా అదిమి పడతారు. నాలుగు, డాక్టరును పిలుస్తారు.

అమ్మమ్మ చెయ్యి కొత్త అలవాటు కొద్దీ ఒకటి వైపు వెళ్ళింది. సగంలో ఆగింది. చిమ్మే రక్తాన్ని ఆమె నాలుగుసార్లు చూసింది. ఒకసారి చేతికి అందింది తన పైటకొంగే, దాన్నే ఉండచుట్టి అదిమింది. ఆ మనిషి బతికాడు, చీర బతకలేదు. ఇక్కడ కొలిచేందుకు సమయం లేదు. మూడు నొక్కింది. నొక్కి, నలుగురి మధ్యా నవ్వాపుకోలేక దగ్గింది. ఇక్కడ మాస్టారు టేపు తీసేవాడు! తప్పకుండా తీసేవాడు!

బయటికి రాగానే నీళ్ళైనా తాగకుండా ఆ ప్రశ్న అడిగేసింది. తాతయ్య గడ్డం గోక్కుని, జాగ్రత్తగా ఆలోచించి, "ముందు... రక్తపోటు చూడాలి కదా?" అన్నాడు.

"చచ్చాడు!" అంది అమ్మమ్మ. మూడు నెలల్లో అంత సంతోషంగా ఒక మాట అనలేదు. "మీ పేషెంటు చచ్చాడండీ! మీరు పట్టీ చుట్టి గాలి కొట్టేలోపు అయిపోయాడు!" ఆటోలో దారంతా ఆ చచ్చినవాణ్ణి తలుచుకుని నవ్వుతూనే ఉంది. ఆటో అబ్బాయి పాపం అద్దంలోంచి భయంగా చూశాడు. ఇంటికొచ్చాక తాతయ్య టీలో రెండు చెంచాల చక్కెర పడింది.

ఫలితం మూడు వారాలకు వచ్చింది. అమ్మమ్మ వార్డులో ఉండగా పెద్ద సిస్టరు పిలిచి తన ఫోను తిప్పి చూపించింది. నూట ఇరవై ఏడు. అమ్మమ్మ ఆ అంకెను కళ్ళద్దాలతో ఒకసారి, లేకుండా ఒకసారి చూసింది. పెద్ద సిస్టరు తక్కువ మాటల మనిషి. మందుల బీరువా తాళం చేతిలో పెట్టి, "ఆరో మంచానికి మధ్యాహ్నం మందు ఉంది" అంది. లైసెన్సు కార్డు రావడానికి ఇంకో నెల పడుతుంది, నంబరు మాత్రం ఫోనులోనే ఉంది, అది చాలు.

ఆరో మంచం మీద నరాలు ఎండిపోయిన ముసలాయన. అమ్మమ్మ ఆయన చెయ్యి నిమిరి, మోచేతి కింద వేలు పెట్టి, ఒక్క ప్రయత్నంలో వేసింది. తర్వాత రిజిస్టరు తెరిచింది. మందు పేరు రాసింది. సమయం రాసింది. మూడో గడి దగ్గర కలం ఆగింది. సంతకం పెట్టాల్సిన అవసరమే ఎప్పుడూ రాలేదు కాబట్టి ఆమెకు సంతకమంటూ ఒకటి లేదు. పూర్తి పేరు, బడిపిల్లలా, ఒక్కో అక్షరం గుండ్రంగా రాసింది. గడి చాలక చివరి రెండు అక్షరాలు పక్క గడిలోకి పోయాయి.

ఇంటికి నడుస్తూ ఒక నిర్ణయం తీసుకుంది, ఇవాళ చెప్పకూడదని. చెప్పగానే తాతయ్య 'పాసయ్యాం' అంటాడు. వీధిలో అందరూ ఆయన చేతులు పట్టుకుని ఊపుతారు. ఒక్క పూటైనా ఈ నూట ఇరవై ఏడూ తనవే కావాలి. ఒక్కటి కూడా ఎవరికీ ఇవ్వకూడదు.

ఆ నిర్ణయం గుమ్మం దాకా నిలిచింది. తాతయ్య ఎవరిదో రవికె చంక కుట్లు విప్పుతున్నాడు. ఆమె నడక విన్నాడేమో, తల ఎత్తాడు. అడగలేదు. దారం చేతిలో అలాగే ఉండిపోయింది.

"నూట ఇరవై ఏడు" అంది అమ్మమ్మ.

ఆయన రవికె పక్కన పెట్టాడు. లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. కళ్ళు తుడుచుకోవడానికి అందిన ఆ రవికెతోనే తుడుచుకున్నాడు. "సంతకం పెట్టావా?"

"పెట్టా."

"బాగా వచ్చిందా?"

"పెద్దదైపోయింది. పక్క గడిలోకి పోయింది."

"పోనీ" అన్నాడు. "ఇన్నాళ్ళదీ కలిపి పెట్టావు కదా."

అమ్మమ్మ కుర్చీలో కూలబడింది. చెప్పులు ఒక్కొక్కటే విడిచింది. సంతోషం నిండుగా ఉంది, అయినా ఒక మూల పాత మంట ఇంకా ఆరలేదు. ఆపుకోలేక అడిగేసింది.

"నిజం చెప్పండి. మీరు రాసుంటే ఎన్ని వచ్చేవి?"

తాతయ్య గుండుసూదుల దిండు అందుకున్నాడు. ఒక సూది తీసి, దాని మొన చూసి, మళ్ళీ గుచ్చాడు.

"నేనా? ఆ తొడ తెగినవాడి ప్రశ్న దగ్గరే కళ్ళు తిరిగి పడిపోయేవాణ్ణి. నన్నే ఎత్తుకుని మీ వార్డుకి తెచ్చేవాళ్ళు."

అబద్ధం. నూట నలభైకి తగ్గేవాడు కాదని ఆమెకు తెలుసు, ఆయనకూ తెలుసు. అమ్మమ్మ ఆ అబద్ధాన్ని ఇటూ అటూ తిప్పి చూసుకుంది. బాగానే అతికింది.

"అవును" అంది. "పడిపోయేవారే."